అన్ని పుస్తకాలూ బీరువాల్లోనే ఉన్న రోజు

ఎనిమిదో తరగతి మధ్యలో నేను బడి మానేసినప్పుడు మా తెలుగు మాస్టారు పెద్దగా బాధపడలేదు. "వీడికీ పుస్తకానికీ ఈ జన్మలో పొత్తు కుదరదు" అని మా నాన్నతో చెప్పి చేతులు దులుపుకున్నారు. ఆయన మాట వమ్ము చేయడానికే అన్నట్టు, కొన్నేళ్లకు నాకు మా ఊరి గ్రంథాలయంలోనే అటెండరు ఉద్యోగం వచ్చింది. ఊళ్లో ఉన్న పుస్తకాలన్నీ తెచ్చి నా నెత్తిన పెట్టారు. చదవమని కాదు, దులపమని. ఆ దుమ్ము నాకు పడదు. ఒక అర దులిపేసరికి తుమ్ములు, కళ్లలో ధారగా నీళ్లు. కొత్తగా వచ్చినవాళ్లు నన్ను చూసి, "పాపం, ఏ కథ చదివి ఏడుస్తున్నాడో" అనుకునేవాళ్లు. నేను కాదనేవాణ్ణి కాదు. చదువుకున్నవాడిలా కనపడ్డానికి నాకు దొరికిన దారి అదొక్కటే.

మా ఊరు ఉయ్యూరు దాటాక కాలవ గట్టు మీద ఉంటుంది. చెరుకు ఆడే రోజుల్లో గాలి ఇటు తిరిగితే ఫ్యాక్టరీ వాసన హాల్లోకి వచ్చి, పుస్తకాలు కూడా పాకం పట్టినట్టుండేవి. లైబ్రరీ అంటే ఏమీ లేదు. ఒక పెంకుల హాలు, ముందు వసారా, గోడల వెంట బీరువాలు, మధ్యలో పేపర్లు పరిచే పొడుగాటి బల్ల. పొద్దున మూడు గంటలు, సాయంత్రం మూడు గంటలు తెరుస్తాం. మధ్యాహ్నం మూత. వారానికి సెలవు శుక్రవారం, ఆదివారం మాత్రం డ్యూటీ.

నేను చేరినప్పుడున్న లైబ్రేరియన్ గారు బీరువాల తాళంచెవులు మొలతాడుకి కట్టుకునేవారు. ఎవరైనా పుస్తకం అడిగితే అప్పిమ్మన్నట్టు చూసేవారు. చెడ్డవాడు కాదు. వెనకెప్పుడో వేరే ఊళ్లో ఆయన చేతికింద పుస్తకాలు పోయాయి, మెమో వచ్చింది, దాన్నించి తేరుకోవడానికి ఆయనకి సర్వీసంతా పట్టింది. మా ఉద్యోగాల తమాషాయే అది. పుస్తకం పోతే కాగితం వస్తుంది. పుస్తకం చదివి ఒకడు బాగుపడితే ఏ కాగితమూ రాదు. అందుకని తెలివైనవాళ్లు తాళం వేసుకుని రిటైరవుతారు. ఆయన ఆ తాళంచెవులు నా చేతిలో పెట్టి వెళ్లిపోయిన తర్వాత, తొంభైల ఆఖర్లో మేడం గారు వచ్చారు.

మేడం గారిది విజయవాడ వన్ టౌన్. భర్త అక్కడే ఒక హోల్‌సేల్ కొట్లో గుమాస్తా, ఇద్దరు ఆడపిల్లలు. చీకటితో లేచి వంట చేసి బాక్సులు సర్ది, మొదటి బస్సు పట్టుకుని వచ్చేవారు. పదకొండింటికి మూసి మళ్లీ నాలుగింటికి తెరవాలి. ఆ మధ్యలో ఇంటికెళ్లి రావడమంటే బస్సులోనే కాపురం పెట్టడం. అందుకని అక్కడే కూర్చుని డబ్బా తిని, చిరిగిన పుస్తకాలకి మైదా జిగురుతో అట్టలు అంటించేవారు. ఆదివారం డ్యూటీ కాబట్టి చర్చికి తెల్లవారుజాము ఆరాధనకే వెళ్లి, అటునించి అటే బస్టాండుకి. మా లైబ్రరీకి ఎదురుగా కుట్టుమిషను పెట్టుకున్న దర్జీ భాయి దీని మీద ఎప్పుడూ ఒక మాట అనేవాడు.

"చూడండి మేడం గారూ, మీ ఆదివారం ఏమో డ్యూటీ, మా శుక్రవారం ఏమో సెలవు. పైన ఎవరో సీట్లు మార్చేసినట్టున్నారు."

"అయితే మీరే వచ్చి కూర్చోండి భాయ్, నేను మిషను తొక్కుకుంటాను" అనేవారు ఆవిడ.

ఆవిడ వచ్చి చేసిన మొదటి పని, బీరువాల తాళాలు తీయించడం. "పోతాయండీ" అన్నాను. "బీరువాలో ఉన్నా పోయినట్టేగా" అన్నారు. రెండో పని అనుకుని చేసింది కాదు. మధ్యాహ్నం తలుపు ఓరగా ఉండేసరికి, ఒకరోజు పక్క వీధి ఆడవాళ్లు ఇద్దరు తొంగిచూశారు. "లోపల ఫ్యానుందా అమ్మా?" అని అడిగారు. ఫ్యాను కోసం వచ్చినవాళ్లు వారపత్రిక సీరియల్లో పడ్డారు. కొన్నాళ్లకి చదవడం వచ్చిన ఒకావిడ గట్టిగా చదవడం, మిగతావాళ్లు చుట్టూ కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ కథలో మొగుణ్ణి తిట్టడం మొదలైంది. అది పనివేళ కాదు కాబట్టి మా రిజిస్టరులో వాళ్లు లేరు. ఉన్నట్టు రాస్తే వేళ కాని వేళలో ఎందుకు తెరిచారని అడుగుతారు. కాబట్టి మా లైబ్రరీ బాగా నడిచే సమయంలో, కాగితం ప్రకారం, అది మూసి ఉండేది.

ఇంత చేస్తున్నా ఆవిడ ఏటా విజయవాడ బదిలీకి అర్జీ పెట్టుకునేవారు. ఏటా వచ్చేది కాదు. పిల్లల పరీక్షలప్పుడు ఇంట్లో ఉండలేకపోతున్నానని ఆవిడ దిగులు. నేను ఊరుకునేవాణ్ణా?

"మేడం గారూ, మీ అర్జీలన్నీ కలిపి బైండు చేయిస్తే మనకి ఇంకో నవల వస్తుందండీ. నంబరేసి బీరువాలో పెట్టేస్తాను."

"పెట్టు. దులిపేది నువ్వేగా."

అలా నడుస్తుండగా పైనించి ఒక కబురు వచ్చింది. చదివేవాళ్లు తక్కువైన చిన్న శాఖల్ని దగ్గర్లో ఉన్న పెద్దవాటిలో కలిపేస్తారట. అప్పటికి ఊళ్లో ఇంటింటికీ కేబుల్ టీవీ వచ్చేసింది, చాలాచోట్ల చదివేవాళ్లు పలచబడిన మాట నిజమే. ఒక ఆఫీసరు గారు ఫలానా రోజున వచ్చి చూస్తారు, ఆయన రాసిందాన్ని బట్టి మా లైబ్రరీ ఉంటుంది, లేదా ఉయ్యూరులో కలిసిపోతుంది. కలిసిపోతే మేడం గారిని విజయవాడలోనే, ఇంటికి నడిచి వెళ్లేంత దూరంలో వేస్తారని, కబురు కాగితం తెచ్చిన ఆఫీసు గుమాస్తా చెవిలో చెప్పినట్టు చెప్పి వెళ్లాడు.

నేను అతను వీధి మలుపు తిరిగేదాకా ఆగి, "స్వీట్లు తెమ్మంటారా అండీ?" అన్నాను.

ఆవిడ నవ్వలేదు. ఆ కాగితం మీద పేపరువెయిటు పెట్టి, "రేపట్నించి పుస్తకాలన్నీ దింపుదాం. ఒక్కో బీరువా ఖాళీచేసి తుడవాలి" అన్నారు.

"మూసేసేదానికి ముస్తాబెందుకండీ? మీరు కాలు మీద కాలేసుకుని కూర్చుంటే చాలు, విజయవాడ దానంతటదే నడిచొస్తుంది."

"పెళ్లిచూపులకి వస్తున్నారంటే, సంబంధం కుదురుతుందో లేదో అని పిల్లకి మొహం కడగరా?"

అంతే. నేను తలకి తువ్వాలు చుట్టుకున్నాను. ఆ వారం తుమ్మినన్ని తుమ్ములు నా జీవితంలో ఎప్పుడూ తుమ్మలేదు. పుస్తకాలు ఎండలో పెట్టి, అరలు తడిగుడ్డతో తుడిచి, వేపాకు, కలరా ఉండలు వేసి, మళ్లీ వరసలో సర్దాం. ఆవిడ పట్టుచీరలు మడతపెట్టినట్టు సర్దేవారు. బీరువాల నెత్తిన కూడా కుర్చీ వేసుకుని తుడిచాను. అక్కడ చీమ నడిస్తే జారిపడేదే.

మేడం గారు వచ్చినవాళ్లందరికీ ఒక మాట చెప్పారు. "పుస్తకాలు తీసుకెళ్లి గడువు దాటినవి ఏమైనా ఉంటే తెచ్చివ్వండి, లెక్క చూస్తారు" అని. ఆ మాట దర్జీ భాయి చెవిన పడింది. ఆయన కొలతలు తీసుకుంటూ ప్రతివాడికీ చెప్పాడు. నాలుగు నోళ్లు తిరిగేసరికి గడువు సంగతి రాలిపోయి, మాట ఇలా తేలింది: మేడం గారి పరువు నిలబడాలంటే ఊళ్లో ఉన్న ప్రతి పుస్తకం లైబ్రరీలో ఉండాలి.

తెచ్చారండీ. కాల్వలో కొట్టుకొచ్చినట్టు వచ్చాయి. నిన్న తీసుకెళ్లినవాడు ఇవాళ తెచ్చాడు. అట్ట చిరిగితే ఇంట్లోనే అన్నం మెతుకులతో అంటించి తెచ్చారు. రిటైరైన లెక్కల మాస్టారు ఒకాయన ఉండేవారు, డిటెక్టివు నవలలు తప్ప ఏదీ ముట్టరు. ఆయన ముఖం వేలాడేసుకుని వచ్చి పుస్తకం బల్ల మీద పెట్టారు.

"ఆఖరి అధ్యాయం మిగిలిపోయిందమ్మా. హంతకుడెవడో తెలీలేదు. అయినా మీకోసం తెచ్చేశాను."

"అయ్యో, చదివి ఇవ్వండి మాస్టారూ" అన్నారు మేడం గారు.

"వద్దమ్మా. మాటొస్తుంది."

"నేను చెప్పమంటారా హంతకుడెవడో?" అన్నాను.

"నువ్వు చదివావట్రా?" మాస్టారు కళ్లు పెద్దవి చేశారు.

"చదవక్కర్లేదండీ. అటెండరే అయ్యుంటాడు. ఎప్పుడూ మామీదే పెడతారు."

ముందురోజు సాయంత్రానికి పుస్తకాలన్నీ బీరువాల్లోకి చేరిపోయాయి. ఒక్క ఖాళీ లేదు. మేడం గారు హాలు మధ్యలో నిలబడి ఆ చివర్నించి ఈ చివరికి చూసుకుని, "ఇంత నిండుగా ఎప్పుడూ చూళ్లేదయ్యా" అన్నారు. నాకూ చాలా బాగుందనిపించింది. ఇద్దరం బస్సు వేళదాకా అలా చూస్తూనే ఉన్నాం. మాకు తట్టలేదు.

మర్నాడు ఆవిడ గంజి పెట్టిన నేత చీర కట్టుకుని వచ్చారు. పేపర్లు బల్ల మీద అంచులు కలిపి పరిచాను. తలుపులు తెరిచి కూర్చున్నాం. ఎవరూ రాలేదు.

మామూలుగా ఆ వేళకి పేపరు ముక్కలవుతుంది. మొదటి పేజీ మాస్టారిది, ఆటల పేజీ కుర్రాళ్లది, ధరవరల పేజీ చెరుకు రైతులది. దర్జీ భాయి ఏ పేజీ దొరికితే అది తీసుకుని, దాన్ని గట్టిగా చదివి అందరి చేతా తిట్లు తింటాడు. ఆ రోజు మడత కూడా నలగలేదు. ఫ్యాను గాలికి అంచు లేస్తే మేడం గారు లేచి వెళ్లి సర్దేవారు.

"ఇంకా పొద్దెక్కలేదు కదా, వస్తార్లే" అన్నారు.

జీపు చప్పుడు కోసం చెవులు రిక్కించి కూర్చుంటే, ఒక బక్కపల్చటి మనిషి చంకలో గొడుగు, చేతిలో రెక్సిన్ సంచీతో మెట్లెక్కారు. బస్సు దిగి నడిచొచ్చారట. ఆయనే ఆఫీసరు గారు. నేను దండం పెట్టేలోపే చెప్పులు వసారాలో విడిచి లోపలికి వచ్చేశారు. మర్యాదస్థుడు. తనూ లైబ్రేరియన్‌గా మొదలెట్టి పైకొచ్చినవారేనని మాటల్లో తెలిసింది. బీరువా పైన వేలితో రాసి, ఆ వేలు వెలుతురులో చూసుకున్నారు. ఏమీ అంటలేదు. "బాగుంది" అన్నారు. మేడం గారు నావైపు చూశారు. నా ఛాతీ చొక్కా గుండీల్ని పరీక్షించింది.

ఆయన ఒక్కో బీరువా ముందు ఆగుతూ నడిచారు.

"పుస్తకాలన్నీ ఉన్నాయే!"

"అన్నీ ఉన్నాయండీ" అన్నారు మేడం గారు.

"బయటికి ఇచ్చినవి?"

"ఒక్కటి కూడా బయట లేదండీ, అన్నీ..." అని ఆవిడ ఆగిపోయారు. ఆ మాట నోట్లోంచి వస్తుండగానే ఆవిడకి అర్థమైంది. ఆవిడ మొహం చూసి నాకు అర్థమైంది.

ఆఫీసరు గారు ఖాళీ కుర్చీలు చూశారు. నలగని పేపర్లు చూశారు. అప్పుడు చాలా మెత్తగా అన్నారు. "అమ్మా, ఇంత శుభ్రంగా ఉంచిన లైబ్రరీ నేనెక్కడా చూళ్లేదు. నిజం చెప్తున్నాను. కానీ రిజిస్టర్లు ఎక్కడైనా నిండుగానే ఉంటాయి, ఇక్కడ చూస్తే తీసుకెళ్లేవాళ్లు లేరు, చదివేవాళ్లు లేరు. నన్నేం రాయమంటారు చెప్పండి?"

కసిరినా బాగుండేది. ఆయన సంచీలోంచి కాగితం తీసి, పెన్ను మూత తీసి రాయడం మొదలెట్టారు. నిన్నటిదాకా ఇక్కడ పేపరు కోసం కొట్టుకున్నారండీ అని చెప్పినా ఎవరు నమ్ముతారు? మేడం గారు బల్ల దగ్గరకి వెళ్లి, సరిగ్గా ఉన్న పేపర్లనే మళ్లీ సరిచేస్తూ నిలబడ్డారు. నేను బీరువా వైపు తిరిగిపోయాను. ఎందుకో కళ్లలో నీళ్లొచ్చాయి. భుజానికి తుడుచుకుంటుంటే మేడం గారు చూడనే చూశారు.

"దుమ్మండీ" అన్నాను.

టీ తెస్తానని చెప్పి బయటపడ్డాను. టీ కొట్టు రోడ్డుకి అవతల, దర్జీ భాయి మిషను పక్కనే. వెళ్లి చూద్దును కదా, ఊరి పాఠకలోకం అంతా అక్కడే ఉంది. బెంచీల మీద, అరుగు మీద, సైకిళ్ల మీద. కొట్టువాడి దగ్గరుండే ఒక్క పేపరునీ, నూనె మరకలతో సహా, ముక్కలు చేసి పంచుకున్నారు.

"ఏంటి భాయ్, మీరంతా ఇక్కడున్నారేంటి?"

"ఏం తమ్ముడూ, జీపింకా రాలేదే?" అన్నాడు దర్జీ భాయి. "మేం పొద్దున్నించీ కాపలా కాస్తున్నాం. ఎవర్నీ లోపలికి పోనివ్వట్లేదు. ఇందాక చెరుకు బండి వాడు ఒకడు మట్టికాళ్లతో పోబోతే వెనక్కి లాగాను. అది సరేగానీ, ఆ ఇన్సూరెన్సు ఏజెంటునెందుకు కూర్చోబెట్టారు లోపల? ఆఫీసరొచ్చే టైమైంది, సాగనంపెయ్ ఆయన్ని."

నాకు నవ్వాలో వీళ్లని వరసపెట్టి కొట్టాలో తెలియలేదు. అందర్నీ తోలుకుని లోపలికి పోదామనిపించింది. కానీ అప్పుడు పోతే, మీటింగుకి లారీల్లో జనాన్ని దింపినట్టుంటుంది. ఆఫీసరు గారు నమ్మరు. నా ఎనిమిదో తరగతి బుర్ర అంతవరకూ పనిచేసింది. ఉత్తి చేతులతో వెనక్కి వెళ్లాను.

"అయ్యగారూ, టీ కొట్టువాడు గ్లాసులు బయటికి పంపనంటున్నాడండీ. పోతున్నాయంట. మీరే ఒకసారి దయచేయాలి."

మేడం గారు నన్ను మింగేసేలా చూశారు. ఆ కొట్టువాడు రోజూ గ్లాసులు పంపుతాడు, కడిగి ఇవ్వకపోయినా ఏమనడు. ఆఫీసరు గారు మాత్రం "పోనీ పదవయ్యా" అని లేచారు. మేడం గారు వసారాదాకా వచ్చి స్తంభం పక్కన నిలబడ్డారు.

ఆయన వెళ్లి మాస్టారి పక్కన బెంచీ మీద కూర్చున్నారు. టీ చేతికొచ్చాక, అందరి చేతుల్లో పేపరు ముక్కలు చూసి అడిగారు.

"ఎదురుగా లైబ్రరీ ఉంది, ఫ్యానుంది, పేపర్లున్నాయి. ఇక్కడ ఇరుక్కుని చదువుతారేంటండీ?"

"ఇవాళ పోకూడదండీ" అన్నాడు దర్జీ భాయి, తెలియనివాడికి చెప్పినట్టు గొంతు తగ్గించి. "మేడం గారికి ఇన్‌స్పెక్షను. మేం పోతే కుర్చీలు జరుగుతాయి, పేపర్లు నలుగుతాయి. పెద్దాయన చూసి ఏమన్నా అనుకుంటే ఆవిడకి మాట. అందుకని ఊరంతా అనుకుని మానుకున్నాం."

"మరి పుస్తకాలు?"

"అడక్కండి" అన్నారు మాస్టారు. "నాది కూడా ఇచ్చేశాను. రాత్రంతా నిద్రలేదు. ఆ జీపేదో వచ్చి పోతే వెళ్లి తెచ్చుకుంటాను."

ఆఫీసరు గారు టీ గ్లాసు పక్కన పెట్టారు. "ఆ మేడం గారంటే మీకు అంత ఇదేంటి?"

దర్జీ భాయి సూదిలో దారం ఎక్కిస్తూ అన్నాడు. "ఆవిడకి విజయవాడ బదిలీ కావాలండీ, పిల్లలున్నారు. అది రావాలని మేం మొక్కుకుంటాం. అది రాకూడదనీ మేమే మొక్కుకుంటాం. ఇంక ఏది వినాలో పైవాడి ఇష్టం."

ఆఫీసరు గారు ఖాళీ గ్లాసు కొట్టువాడి చేతికి ఇచ్చి లేచారు. "సరే, పదండి లోపలికి. అందరూ."

"అమ్మో, ఆఫీసరు రాకుండానా?" అన్నాడు భాయి.

"వచ్చాడండీ" అన్నారాయన.

దర్జీ భాయి చేతిలో దారం జారిపోయింది. మాస్టారు బెంచీ మీదనుంచి లేచి, ఎందుకో పంచె సర్దుకున్నారు. ఆ తర్వాత గుంపు మొత్తం రోడ్డు దాటింది. కుర్చీలు కిర్రుకిర్రుమన్నాయి. పేపర్లు ముక్కలయ్యాయి. మాస్టారు తిన్నగా బీరువా దగ్గరికి పోయి తన పుస్తకం లాక్కుని కిటికీ దగ్గర కూలబడ్డారు. నేను వారంపాటు సర్దిన వరసలన్నీ కాసేపట్లో సంత అయిపోయాయి. మేడం గారు వసారాలోనే నిలబడి, లోపలికి వస్తున్న ఒక్కొక్కరి మొహం చూస్తున్నారు. నవ్వుతున్నారో ఏంటో, కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

ఆఫీసరు గారు ఇందాక రాసిన కాగితం మడిచి జేబులో పెట్టుకుని, కొత్త కాగితం తీశారు. పదకొండింటికి వెళ్లాల్సినవారు, తలుపు ఓరగా వేసేటప్పుడు ఆడవాళ్లు చేటలతో రావడం చూసి ఆగిపోయారు. ఇదేంటని మేడం గారిని అడగలేదు, ఆవిడా చెప్పలేదు. ఒక మూల కూర్చుని ఆ వారం సీరియలు పూర్తిగా విన్నారు. ఆయన కూడా కొన్ని చిక్కుడుకాయల ఈనెలు తీశారని ఆడవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. నేను చూళ్లేదు కాబట్టి ఒట్టు వెయ్యను.

వానలు వెనకపట్టాక ఆర్డరు వచ్చింది. మా శాఖ ఉంటుంది. లైబ్రేరియన్ కూడా ఇక్కడే ఉంటారు. ఊళ్లో భాయి మిఠాయి పంచాడు. మేడం గారు ఆర్డరు రెండుసార్లు చదువుకుని సొరుగులో పెట్టి, ఎప్పటిలాగే మధ్యాహ్నం జిగురు గిన్నె ముందు పెట్టుకుని కూర్చున్నారు. సాయంత్రం మళ్లీ అదే బస్సు. నేను అలాంటి సమయంలో నోరు మూసుకునే రకం కాదు.

"మేడం గారూ, ఎక్కడైనా గెలిచి ఓడిపోయినవాళ్లని చూశామా అండీ? ఇంటి పక్క పోస్టింగు చేతిదాకా వస్తే మీరే కాలదన్నుకున్నారు. ఈ ఊరన్నా ఈ పాత పుస్తకాలన్నా మీకు ప్రాణమని ఒప్పేసుకోండి, పోయేదేముంది? నేనెవరికీ చెప్పన్లెండి."

ఆవిడ తల ఎత్తలేదు. అట్ట మీద జిగురు సమంగా రాస్తూ అన్నారు.

"నా సంగతి అలా ఉంచు. ఆ రోజు బీరువా వైపు తిరిగి కళ్లు తుడుచుకుంటూ దుమ్మన్నావు. వారంపాటు దులిపింది నువ్వే. ఆఫీసరు గారు రాసి చూస్తే ఆయన వేలికే అంటలేదు. మరి నీ కళ్లకి ఎక్కణ్నించి దొరికిందయ్యా ఆ దుమ్ము?"